మెకంజీ దొర

తెనాలి రైలు కూడలియందు మార్గము రెండుగా చీలును. ఒక శాఖ వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోయి అచ్చటనే ముగియును. ప్రధాన మార్గము నిడుబ్రోలు మీదుగా బాపట్లకును, అటనుండి చెన్నపట్టణము వైపునకును సాగును. ఈ మూడు పట్టణముల నడుమనున్న భూమి కృష్ణానదికి కుడిగట్టున, సముద్రమునకు చేరువలో పరచుకొని ఉన్నది. ఎటు చూచినను వరిచేలు, కాలువలు, తాటితోపులు కనబడును. ఎనిమిది వందల యేండ్ల క్రిందట ఈ నేలకు వెలనాడు అని పేరు. ఇది ఆరువేల గ్రామముల నాడని శాసనములు చెప్పుచున్నవి. వెలనాటి చోడులు దీనిని పాలించిరి. నేడు ఏ రైలు స్టేషను పలక మీదను ఆ పేరు లేదు. ఏ తాలూకాకును ఆ పేరు పెట్టబడలేదు. వెలనాటివారని పిలువబడు కుటుంబములు మాత్రము దేశమందంతటను కలవు. నాడు పోయినను నాటి పేరు మనుష్యులను అంటిపెట్టుకొని నిలిచినది.

ఇట్టిదే మరియొక కథ. 1611వ సంవత్సరము ఆగస్టు నెలలో గ్లోబు అను ఆంగ్లేయుల ఓడ ఈ తీరమునకు వచ్చెను. తూర్పు తీరమున ఆంగ్లేయ వర్తకులు మొదట వర్తకము ప్రారంభించినది ఇచ్చటనే. అంతకు అయిదేండ్లకు పూర్వమే డచ్చివారును ఇచ్చట వర్తకశాల నెలకొల్పిరి. వారి లెక్కలయందును, పటములయందును ఈ రేవునకు పెటపోలి అని పేరు కలదు. నేటి పటములలో ఎంత వెదకినను ఈ తీరమున పెటపోలి కానరాదు. పెద్దపల్లి అను తెలుగు పేరు విదేశీయుల నోట పడి పెటపోలి అయ్యెను. కాలక్రమమున పెద్దపల్లి అను పేరు మరుగుపడి నిజాంపట్నమను పేరు స్థిరపడెను. రేపల్లెకు నైరుతిన సముద్రపు ఒడ్డున నేడున్న నిజాంపట్నమే ఆనాటి పెటపోలి.

పేరు పోయిన ఊరు దిక్కు లేని ఊరు వంటిది. దాని వెనుకటి కథ తెలియదు. దాని ధర్మములు, మాన్యములు, చెరువులు ఎవరు ఇచ్చినవో తెలియదు. ఇట్లు మరుగుపడిపోవుచున్న వేల గ్రామముల వృత్తాంతములను, ఆ గ్రామములకే మనుష్యులను పంపి వ్రాయించి, రాబోవు తరముల కొరకు దాచిపెట్టిన మహనీయుడు ఒకడు కలడు. ఆయన ఈ దేశమువాడు కాడు. ఈ దేశభాషలు ఆయనకు రావు. ఆయన పేరు కాలిన్ మెకంజీ.

మెకంజీ స్కాట్లండునకు వాయవ్యమున సముద్రమునందున్న లూయిస్ అను దీవిలో, స్టోర్నవే అను రేవు పట్టణమున 1754 ప్రాంతమున జన్మించెను. ఆ దీవి మిక్కిలి చలిగాలుల నేల. అచ్చటి ప్రజలు చేపలు పట్టియు, గొఱ్ఱెలు మేపియు జీవించువారు. మెకంజీ తండ్రి వర్తకుడు. మెకంజీ యౌవనమున కొంతకాలము ఆ రేవునందే సుంకపు కచ్చేరిలో ఉద్యోగము చేసెను. బాల్యమునుండియు ఆయనకు గణితశాస్త్రమునందు అభిరుచి మెండు. లాగరిథములను లెక్కల విధానమును కనిపెట్టిన జాన్ నేపియరు వంశమునకు చెందిన ఒక ప్రభువు తన పూర్వుని జీవితచరిత్ర వ్రాయ తలపెట్టెను. హిందువుల గణితమును గూర్చి తెలిసికొనవలెనని ఆయనకు కోరిక కలిగెను. ఆ పనిలో మెకంజీ ఆయనకు తోడ్పడెను. ఈ విధముగా హిందూదేశపు విద్యలను గూర్చిన కుతూహలము మెకంజీ హృదయమున నాటుకొనెను.

1783వ సంవత్సరమున ఆయన తూర్పు ఇండియా కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్టణమున దిగెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పదికి సమీపించినది. తరువాత మూడేండ్లకు ఇంజనీర్ల దళమునకు మార్చబడెను. నేపియరు వంశపు కుమార్తె ఒకామె మధురలో నివసించుచుండెను. ఆమె గృహమున మెకంజీకి పండితులతో పరిచయము కలిగెను. ఈ దేశపు ప్రాచీన విద్యలను సేకరింపవలెనను సంకల్పము అచ్చటనే ఆయనకు దృఢపడెను. కాని సంకల్పము వేరు, సాధనము వేరు. తరువాతి పదమూడేండ్లు ఆయనకు యుద్ధములతోడను, కొలతలతోడను గడచిపోయెను. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములలో ఆయన పాల్గొనెను. కోటలు ముట్టడించుటకు దారులు కొలిచెను. నైజాము రాజ్యమునకు పటము తయారు చేసెను. ఎండలలో తిరిగి, జ్వరములతో బాధపడి, డేరాలలో జీవించెను. విద్యా సేకరణకు తీరిక చిక్కలేదు. తీరిక చిక్కినను, భాష తెలియని ఆయనకు దారి చూపువారు లేకపోయిరి.

1796వ సంవత్సర ప్రాంతమున ఆ దారి చూపువాడు లభించెను. అతడు ఏలూరు వాస్తవ్యుడగు కావలి వెంకట బొర్రయ్య. అప్పటికి బొర్రయ్య ఇరువది యేండ్ల యువకుడు. తెలుగు, సంస్కృతము, ఆంగ్లము మొదలగు భాషలు నేర్చినవాడు. అతడు మెకంజీ కొలువున చేరి, ఊరూర తిరిగి, పండితులను కలిసికొని, కరణములను మంచిమాటలతో ఒప్పించి, తాటాకు కవిలెలను చదివించెను. ఎవ్వరికిని అర్థముగాని పాత కన్నడపు లిపిని శ్రమించి చదువ నేర్చెను. బొర్రయ్యతోడి పరిచయమే తనకు భారతీయ విజ్ఞాన మందిరపు ద్వారమును తెరచినదని మెకంజీ తరువాత కాలమున ఒక లేఖలో కృతజ్ఞతతో చెప్పుకొనెను. దొర అయినవాడు తన కొలువులోని యువకునికి ఇంతటి గౌరవము ఇచ్చుట ఆ కాలమున అరుదు.

1797లో మెకంజీ కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతికి వచ్చెను. అంతకు కొలదికాలము ముందే వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుండి అచ్చటికి తన నివాసమును మార్చుకొని, క్రొత్త పట్టణమును కట్టించుచుండెను. ఊరి సమీపమున దీపాలదిన్నె అను ఒక పెద్ద దిబ్బ ఉండెను. ఇటుకల కొరకు, రాళ్ల కొరకు ఆ దిబ్బను త్రవ్వుచుండగా చిత్రవిచిత్రములగు శిల్పములు బయల్పడెను. మెకంజీ వానిని చూచి ఆశ్చర్యపడెను. అవి జైనులవని ఆయన తలంచెను. బౌద్ధమతము ఆ ప్రాంతమున ఒకప్పుడు వెలసినదన్న సంగతియే జనులు మరచియుండిరి. కావున ఆయన ఊహ తప్పినది. ఆ దిబ్బ ప్రాచీన బౌద్ధ స్తూపమని తరువాతి పండితులు నిర్ణయించిరి. ఇరువది యేండ్లకు ఆయన మరల అచ్చటికి వచ్చినప్పుడు, మొదట చూచిన రాళ్లలో అనేకము కనబడలేదు. కొన్ని గోడలలో చేరెను. కొన్ని పగిలిపోయెను. మిగిలినవానికి తన సహాయుల చేత కొలతలతో పటములు, చిత్రములు వ్రాయించెను. శిల్పములు చాలవరకు పోయినను, ఆ చిత్రములు నేటికిని నిలిచియున్నవి. చూచినప్పుడే వ్రాసిపెట్టుకొననిది మరల చూచుటకు దొరకదను పాఠము మెకంజీకి అమరావతి నేర్పినది.

1799లో శ్రీరంగపట్టణము కూలిపోయి టిప్పు మరణించెను. మైసూరు దేశమును కొలిచి పటము వ్రాయు కార్యము మెకంజీకి అప్పగింపబడెను. ఆ పని దాదాపు పదియేండ్లు సాగెను. నలువది వేల చదరపు మైళ్ల భూమి కొలువబడెను. కొండ శిఖరముల నుండి త్రిభుజములు గీసి దూరములు లెక్కించుట ఒక పని. ఆ త్రిభుజముల నడుమనున్న ప్రతి గ్రామము పేరును స్థానికులు పలికినట్లు వ్రాసికొని, ఆ గ్రామపు కథను అడిగి తెలిసికొనుట రెండవ పని. మొదటి పనికి కంపెనీ జీతమిచ్చెను. రెండవ పనికి వ్యయములో అధిక భాగము మెకంజీ తన సొంత సొమ్మునుండియే పెట్టెను.

ఆ మహాకార్యము నడుచుచుండగనే 1803లో బొర్రయ్య మరణించెను. అప్పటికి అతనికి ముప్పది యేండ్లును నిండలేదు. మెకంజీకి అది కుడిచేయి విరిగినట్లయ్యెను. కాని బొర్రయ్య నాటిన మొక్క ఎండిపోలేదు. అతని తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ భారమును వహించెను. మరియొక సోదరుడు వెంకట రామస్వామియు ఆ కొలువునందే ఉండెను. ధర్మయ్య అను జైన పండితుడు కన్నడ దేశమున శాసనములను చదివెను. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మహారాష్ట్రులు అనేకులు గుమాస్తాలుగా చేరి గ్రామములకు బయలుదేరిరి.

వారి పని ఎట్లు నడచినదో తెలిసికొనదగియున్నది. గుమాస్తా ఒక గ్రామమునకు చేరి మొదట కరణమును కలిసికొనును. కరణముల యిండ్లలో తరతరములనాటి తాటాకు కవిలెలు ఉండెడివి. దండకవిలెలని వానికి పేరు. గ్రామపు పొలిమేరలు, మాన్యములు, చెరువులు, దేవాలయములు, ప్రభువుల మార్పులు వానియందు వ్రాయబడి ఉండును. వానిలో నుండి గ్రామ చరిత్రను క్లుప్తముగా వ్రాయించుకొనవలెను. తరువాత దేవాలయమునకు పోయి రాతి మీది శాసనమునకు నకలు తీయవలెను. వృద్ధులను అడిగి, ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినదో తెలిసికొనవలెను. ఇట్లు తయారైన వ్రాతకు కైఫియతు అని పేరు. కైఫియతు అనగా వృత్తాంతమని అర్థము.

ఇది చెప్పినంత సులభము కాదు. కంపెనీ మనిషి కవిలె చూపుమని అడిగినచో గ్రామస్థులకు భయము కలుగుట సహజము. మాన్యము రద్దు చేయుటకో, పన్ను పెంచుటకో వచ్చినాడని వారు అనుమానించిరి. ఆ అనుమానము నిష్కారణమైనదియు కాదు. కంపెనీ ఈ దేశమును జయించి, శిస్తు వసూలు చేయుటకే భూములను కొలిపించుచుండెను. మెకంజీ ఆ కంపెనీ ఉద్యోగియే. అయినను పన్నుతో సంబంధము లేని ప్రశ్నలు అడిగినవాడును ఆయనయే. ఈ ఊరిని ఎవరు కట్టిరి, ఈ గుడిని ఎవరు నిలిపిరి, ఈ పేరునకు అర్థమేమి అని ఆయన అడిగించెను. బలవంతము చేయక, ఓర్పుతో నచ్చజెప్పి సంపాదింపవలెనని తన గుమాస్తాలకు బోధించెను. అందువలననే మూసియున్న పెట్టెలు అనేకము తెరువబడెను.

1810లో మెకంజీ చెన్నరాజధానికి సర్వేయరు జనరలుగా నియమింపబడెను. మరుసటి సంవత్సరము సైన్యముతో జావా దీవికి పోవలసివచ్చెను. రెండేండ్లు అచ్చటనే ఉండి, అచ్చటి పురాతన వస్తువులను, వ్రాతప్రతులను కూడ సేకరించెను. అచ్చటనే వివాహము చేసికొనెను. ఆయన దూరముననున్నను ఇచ్చట లక్ష్మయ్య పర్యవేక్షణమున పని ఆగలేదు. గుంటూరు మండలపు గ్రామముల కైఫియతులు ఈ కాలమునందును దీని తరువాతను వ్రాయబడెను. కంపెనీవారు గుంటూరు సర్కారును వశపరచుకొని అప్పటికి ఇరువది యేండ్లు దాటినది. క్రొత్త జమీందారీ పద్ధతి వచ్చెను. పాత కవిలెలతో కచ్చేరీలకు పని తగ్గిపోయెను. పని తగ్గిన వ్రాతను ఎవరును తిరిగి వ్రాయరు. తాటాకు చెదలకును, తేమకును లోనై నశించును. సరిగా ఆ సమయముననే మెకంజీ గుమాస్తాలు ఆ గడపలలో కాలు పెట్టిరి.

వారు ఒక తరము ఆలసించినచో ఏమి జరిగియుండెడిదో ఊహింపవచ్చును. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు మండలమున ఘోరమగు కరవు సంభవించెను. ఐదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ నశించిరని అంచనా. గ్రామములకు గ్రామములు పాడుపడెను. బ్రతికినవారు పొట్ట చేతపట్టుకొని వలసపోయిరి. అట్టి యూళ్లలో కవిలెను చదువగలవాడును, పాత కథ చెప్పగలవాడును దొరకుట దుర్లభము. కైఫియతు వ్రాసిన సిరా మాత్రము అప్పటికి చెన్నపట్టణమున భద్రముగా నుండెను.

1815లో మెకంజీ హిందూదేశమునకంతకును మొట్టమొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడి, 1817లో కలకత్తా చేరెను. తాను కూడబెట్టిన సామగ్రియంతయు తోడుగొని పోయెను. లక్ష్మయ్య మొదలగువారు ఆయన వెంట వెళ్లిరి. ఉద్యోగము చాలించి, ఆ వ్రాతలన్నిటిని క్రమముగా ఏర్చి, ఒక గొప్ప గ్రంథము వ్రాయవలెనని ఆయన కోరిక. తనకు దేశభాషలు రాకపోవుట ఆయనకు తీరని కొరతగా నుండెను. ఆరోగ్యము చెడెను. 1821 మే 8వ తేదీన కలకత్తాకు సమీపమున గంగానదిపై ఆయన మరణించెను. ముప్పది ఎనిమిది సంవత్సరముల క్రిందట విడిచిన స్వదేశమును ఆయన మరల చూడలేదు. తలపెట్టిన గ్రంథములో ఒక్క అధ్యాయమైనను పూర్తికాలేదు.

ఆయన విడిచిపోయిన నిధి సామాన్యమైనది కాదు. వివిధ భాషల వ్రాతప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల నకళ్లు 8,076, అనువాదములు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218 అందు ఉండెను. కంపెనీ ప్రభుత్వము ఒక లక్ష రూపాయలు ఇచ్చి ఆ సామగ్రిని ఆయన భార్యయొద్ద కొనెను. ఆయన పెట్టిన ఖర్చుతో పోల్చినచో అది స్వల్పము. విల్సను అను పండితుడు 1828లో దాని పట్టికను అచ్చువేయించెను. కొంత భాగము లండనునకు పోయెను. దక్షిణదేశ భాషల వ్రాతలు పెక్కు చెన్నపట్టణమునకు తిరిగివచ్చెను.

తిరిగివచ్చిన కట్టలు చాలకాలము ఎవరును విప్పనందున పురుగుల పాలగుచుండెను. మెకంజీ విడిచిన పనిని తాను కొనసాగించెదనని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరెను. బొర్రయ్య కాలమునుండి ఆ పనిలోనే తల నెరసినవాడు అతడు. అయినను 1836లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పండితులు అతని కోరికను త్రోసిపుచ్చిరి. దేశీయుడు స్వతంత్రముగా అట్టి విమర్శ చేయజాలడని వారి అభిప్రాయము. ఈ నిర్ణయము అన్యాయమైనది. మెకంజీ సేకరణలో అధిక భాగము దేశీయులు నడచి, అడిగి, చదివి, వ్రాసినదే కదా. రామస్వామి అంతకుముందే 1827లో దక్షిణాపథమునందలి ప్రాచీన విభాగములను చూపు ఒక పటమును కలకత్తాలో ప్రకటించెను. మరుగుపడిన నాటి పేర్లను పటము మీద తిరిగి నిలుపవలెనని ఒక తెలుగువాడు చేసిన తొలి ప్రయత్నములలో అది ఒకటి. 1829లో అతడు దక్షిణదేశ కవుల చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను. తరువాత బ్రౌను దొర, సిరా వెలిసిపోవుచున్న కైఫియతులకు క్రొత్త కాగితముల మీద ప్రతులు వ్రాయించెను. ఆ విధముగా అవి రెండవమారు బ్రతికినవి.

కైఫియతులలో వ్రాసినదంతయు నిజమని నమ్మరాదు. కరణములు తాము విన్నదానిని, చదివినదానిని కలిపి చెప్పిరి. గుంటూరు మండలపు కైఫియతులు పెక్కింటిలో కాకతి గణపతిదేవుడు గజపతి యని వ్రాయబడినాడు. గణపతిదేవుడు ఓరుగంటిని ఏలిన పదుమూడవ శతాబ్దపు రాజు. గజపతులు రెండువందల యేండ్ల తరువాత కటకమునుండి వచ్చినవారు. రెండు కాలములు జనుల జ్ఞప్తిలో ఒకటిగా కలిసిపోయినవి. అట్టి తావుల రాతిమీది శాసనము తీర్పు చెప్పవలెను. కైఫియతు దారి చూపును, శాసనము సాక్ష్యమిచ్చును, పటము స్థలమును నిలుపును. ఈ మూడును కలిసినప్పుడే పోయిన పేరు దొరకును.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమున ఈ పద్ధతి ఎట్లు ఫలించినదో చూడవచ్చును. రేపల్లెకును బాపట్లకును నడుమ చందవోలు అను ఊరు కలదు. చూచుటకు సామాన్యమగు పల్లె. వెలనాటి చోడుల రాజధాని పేరు సంస్కృత శాసనములయందు ధనదపురము అని కలదు. తెలుగులో ప్రోలు అనగా పురము. ఆ ప్రోలు అను మాట జనుల నోట వోలుగా మారి చందవోలు అను పేరున నిలిచినది. అనగా ఒక రాజ్యపు రాజధాని ఆ పల్లెలో దాగియున్నది. తెనాలికి సమీపమున ఉన్న చేబ్రోలును ఇట్టిదే. కాకతీయుల సేనాని జాయపుడు 1213లో అచ్చట వేయించిన శాసనమున ఆ ఊరు తామ్రపురి అని చెప్పబడినది. తామ్రమనగా చెంబు, అనగా రాగి. చెంబ్రోలే చేబ్రోలు అయినది. ప్రోలు, బ్రోలు, వోలు అని ముగియు ఊళ్లు ఒకప్పటి పురములని ఎరిగినవానికి నిడుబ్రోలు, భట్టిప్రోలు అను రైలు స్టేషను పలకలు కూడ చరిత్ర పుటలవలె కనబడును.

ఆ భట్టిప్రోలుననే 1892లో అలెగ్జాండరు రీ అను పురావస్తు శాఖాధికారి ఒక దిబ్బను త్రవ్వించి, బుద్ధుని ధాతువులను భద్రపరచిన మూడు రాతి భరిణెలను వెలికితీసెను. వాని మీది వ్రాత రెండువేల యేండ్లకు పైబడినది. కుబిరకుడను రాజు పేరు అందు కలదు. ఏ కైఫియతునందును లేని పేరు అది. బాపట్లకు నైరుతిగా సముద్రతీరమున మోటుపల్లి కలదు. గణపతిదేవుడు 1244లో అచ్చట ఒక స్తంభము మీద శాసనము చెక్కించి, ఓడ పగిలి తీరమునకు చేరిన వర్తకుల సరకును రాజు అపహరింపడని, సుంకము మాత్రమే గైకొనునని అభయమిచ్చెను. ఆ శాసనమున మోటుపల్లికి దేశియుయ్యకొండ పట్టణమను మరియొక పేరు కలదు. ఇటలీ దేశపు యాత్రికుడు మార్కో పోలో తన గ్రంథమున ముత్ఫిలి అను రాజ్యమును, దానిని ఏలిన రాణిని వర్ణించెను. ఆ ముత్ఫిలి మోటుపల్లియే యనియు, ఆ రాణి రుద్రమదేవి యనియు పండితులు నిర్ణయించిరి. ఒకే ఊరు స్వదేశీయునికి ఒక పేరుతోను, రాజునకు ఒక పేరుతోను, విదేశీయునికి మరొక పేరుతోను తెలిసియుండెను. బాపట్లయు భావనారాయణస్వామి వెలసిన భావపురి యని పెద్దలు చెప్పుదురు.

పరిపాలన కొరకు గీసిన హద్దులు తరచుగా మారుచుండును. తెనాలి, బాపట్ల, రేపల్లె ఒకప్పుడు గుంటూరు జిల్లా తాలూకాలు. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల ప్రత్యేక జిల్లా అయినది. రేపల్లె, భట్టిప్రోలు, నిజాంపట్నము, చందవోలు అందు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. రేపు ఈ హద్దులును మారవచ్చును. వెలనాడు మరుగుపడినట్లే నేటి పేర్లలో కొన్ని మరుగుపడవచ్చును. కాలువ గట్టు పేరు, చెరువు పేరు, చేని పేరు మొదట పోవును. వానిని పలుకు వృద్ధులు పోయినప్పుడు అవి వారితోనే పోవును.

1816లో థామస్ హిక్కీ అను చిత్రకారుడు మెకంజీ చిత్రమును వ్రాసెను. అందు ఎఱ్ఱని అంగీ ధరించి మెకంజీ నడుమ నిలుచుండును. అతని చుట్టు ముగ్గురు భారతీయులు ఉందురు. ఒకని చేతిలో దూరదర్శిని కలదు, మరియొకని చేతిలో తాటాకుల కట్ట కలదు. ఆ కాలపు దొరలు పెక్కుమంది తమ గుఱ్ఱములతోను, కుక్కలతోను చిత్రములు వ్రాయించుకొనిరి. మెకంజీ తన తోడి పనివారితో వ్రాయించుకొనెను. ఆ చిత్రమునందు బొర్రయ్య లేడు. అతడు పోయి అప్పటికి పదమూడేండ్లు. అయినను తాటాకుల కట్టను పట్టిన ఆ చేతిని చూచినప్పుడు అతడు జ్ఞప్తికి రాక మానడు.

మెకంజీ గొప్ప గ్రంథకర్త కాడు. గొప్ప పండితుడును కాడు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, తెలిసినవారిని అడిగి, వారు చెప్పినదానిని వ్రాయించి భద్రపరచినవాడు. తలపెట్టిన గ్రంథమును పూర్తిచేయకయే మరణించినను, ఇతరులు పూర్తిచేయుటకు వలయు సామగ్రినంతయు సిద్ధపరచి పోయెను. ఆంధ్రదేశ చరిత్ర వ్రాయువారు నేటికిని ఆయన కైఫియతులను విప్పక ముందుకు సాగజాలరు. దూరదేశమునుండి వచ్చిన ఒక దీవివాసియు, ఏలూరి కుటుంబపు సోదరులును కలిసి కాపాడిన ఈ ధనము తెలుగువారి ఉమ్మడి సొత్తు. తన ఊరి పేరునకు అర్థమేమని పెద్దలను అడిగి, వారు చెప్పినది ఒక పుస్తకమున వ్రాసికొను ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆ పనిని మరికొంత ముందునకు నడిపినవారగుదురు.